యంత్రానికి పునర్జన్మ – మరి అక్షరానికి?

ఇల్లు కూలితే గోడలు మళ్లీ లేపవచ్చు. ఆ ఇంటి గూటిలో దాచుకున్న పెద్దల ఉత్తరాలు మాత్రం మళ్లీ రావు. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం చెడినపుడు మనకు కలిగే కష్టం ఇటువంటిదే.

ఒక వానాకాలం రాత్రి ఏన్కూరులోని మా యింట కంప్యూటరు అప్‌డేట్ అవుతూండగా కరెంటు పోయింది. ఆ తరువాత నీలి తెర తప్ప మరేమీ కనిపించలేదు. బాగుచేయించడానికి తీసుకువెళ్లితే, "ఫార్మాట్ చేయాలి, లోపల దాచుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. ఏమీ లేవని చెప్పింది నేనే. ఇంటికి వచ్చాక గాని గుర్తు రాలేదు. మా దాదా చెబుతూంటే నేను టైపు చేసిన ఉర్దూ గజళ్లన్నీ ఆ డెస్క్‌టాప్ మీదనే ఉండేవి. దాదా ఇప్పుడు లేరు. ఒక పాత పెన్‌డ్రైవులో కొన్ని దొరికాయి; కాని అవి ఇన్‌పేజ్ ఫైళ్లు. కొత్త సిస్టంలో ఇన్‌పేజ్ లేదు గనుక అవీ వెంటనే తెరుచుకోలేదు.

ఈ అనుభవం నుండి నేను గ్రహించినవి రెండు విషయాలు.

మొదటిది: సిస్టం వేరు, మన వ్రాతలు వేరు. విండోస్‌లో సాధారణంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు కూడా సిస్టం ఉన్న 'సి' భాగంలోనే ఉంటాయి. ఆ భాగాన్ని తుడిచివేస్తే రెండూ పోతాయి. అయితే సిస్టం చెడినంత మాత్రాన ఫైళ్లు చెడినట్లు కాదు. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవుతో యంత్రాన్ని నడిపించి, ఫైళ్లను ముందుగా బయటికి తీసుకొనవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాలి. దానిని కాగితం మీద వ్రాసి భద్రపరచుకొనుట మంచిది.

క్లౌడ్ ఉన్నది గదా అని కొందరు అనవచ్చు. మనం అందులో చేర్చినవే అక్కడ ఉంటాయి. పొరపాటున ఇక్కడ చెరిపినది అక్కడా చెరిగిపోవచ్చు. కనుక వేరొక చోట ఒక ప్రతి తప్పనిసరి.

రెండవది మన కళాశాలకు మరింత ముఖ్యమైనది. మనం రెండు భాషల వారము. తెలుగును అను ఫాంట్లలోను, ఉర్దూను ఇన్‌పేజ్‌లోను కూర్చడం చాలాచోట్ల అలవాటు. అను ఫాంటు లేని యంత్రంలో ఆ తెలుగు అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. పాత ఇన్‌పేజ్ ఫైలును చదవడానికి ఆ సాఫ్ట్‌వేరే కావాలి. అంటే ఒక యంత్రం చెడితే మన సంచిక మూగబోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు అక్షరాలకు, ఉర్దూ వ్రాసే అరబీ లిపికి స్థానం దొరికింది. నస్తాలిఖ్ అందం పోతుందన్న భయమూ అక్కరలేదు. నోటో నస్తాలిఖ్ ఉర్దూ వంటి ఉచిత ఫాంట్లు ఉన్నవి.

సిస్టం నిలబెట్టడం నిపుణుల పని, విద్యార్థులకెందుకు అని పెద్దలు అడుగవచ్చు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన లోకమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో చేతివ్రాత బోర్డింగు పాసులు ఇవ్వవలసి వచ్చింది. ఎన్నో యంత్రాల వద్దకు మనిషి స్వయంగా వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలును తొలగిస్తే గాని అవి లేవలేదు. ఎంత పెద్ద సంస్థకైనా చివరికి పని తెలిసిన చేయి కావాలి. పట్టణానికి పరుగెత్తవలసిన మన అటవీ ప్రాంతానికి ఆ చేయి మరింత అవసరం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టి.పి.ఎం. 2.0 లేని పాత యంత్రాలను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. దొంగ ప్రతులు వేసుకొనుట చట్టానికీ, యంత్ర భద్రతకూ విరుద్ధము. పాత యంత్రాలను పారవేయకుండా వాటిలో లినక్స్ వేయవచ్చు. తెలుగు గ్నూ/లినక్స్ కోసం హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ కృషి చేసింది. అయితే అను, ఇన్‌పేజ్ లినక్స్‌లో నేరుగా నడవవు. కాబట్టి ముందు అక్షరాలు యూనికోడ్‌లోకి మారాలి, తరువాతనే సిస్టం మారాలి. ఈ వరుస తప్పరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి మూడు. ప్రతి టర్ములో ఒక రోజు విద్యార్థుల చేతనే ఒక పాత యంత్రంలో సిస్టం తుడిపించి, తిరిగి వేయించండి. వార్షిక సంచికను రెండు భాషలలోను యూనికోడ్‌లో కూర్పించి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. పాత సంచికల ఫైళ్లను, అవి తెరిచే యంత్రం బ్రతికి ఉండగానే మార్పించండి.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంట పెద్దలు చెప్పే మాటలను వ్రాసిపెట్టుకోండి. వ్రాసినదానికి ఈ రోజే మరొక ప్రతి తీయండి. మా దాదా గజళ్లలో నాకు మిగిలినవి కొన్నే. మీకు అలా జరుగకూడదనే ఈ నాలుగు మాటలు.