తుపాకీ బీరువాలో, పంది తోటలో

మాడుగుల, చీడికాడ, రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం. కొండ అంచునున్న ఈ మండలాల సభ్యులు ఏ మీటింగుకు వచ్చినా మొదట చెరకు బకాయిల మాట, తర్వాత అడవి పందుల మాట వచ్చేది. ఈమధ్య వరస మారింది. ముందు పందులే వస్తున్నాయి. కార్శి తోటలో ఒక్క రాత్రి మంద పడితే తెల్లారేసరికి గడలన్నీ నేల మీద ఉంటాయి. తినేది కొంచెం, తొక్కేది ఎక్కువ. మొక్కజొన్న, వేరుశనగ, కర్రపెండలం సంగతి చెప్పక్కర్లేదు.

అలాంటి మీటింగులోనే ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "మీ ఇంట్లో తుపాకీ ఉంది కదా అన్నా, మీకేం భయం?" అందరూ నవ్వారు. నేను జవాబు చెప్పలేదు. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నకు 81 ఏళ్లు. ఆయన దగ్గర పాత ఐదు గుళ్ల సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఒకటి ఉంది. బెల్జియంలో తయారైన బ్రౌనింగ్, 12 బోరు. 1970ల్లో షికారు మానేసిన ఒక పెద్దమనిషి దగ్గర లైసెన్సు మీద కొన్నారు. ఈ రకం తుపాకీని అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ 1900 ప్రాంతంలో రూపొందించాడు. దాదాపు నూరేళ్లు తయారైంది. అంటే వస్తువు గట్టిది. కానీ మా ఇంట్లో అది పందికి గురిపెట్టింది ఒకే ఒక్క రాత్రి. మిగతా కాలమంతా బీరువాలోనో, స్టేషన్లోనో ఉంది.

ఎందుకంటే తుపాకీ ఉంచుకోవడానికి ఒక చట్టం, పందిని కొట్టడానికి మరో చట్టం. మనవాళ్లలో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు తుపాకీ లైసెన్సు ఇవ్వాలనే చెబుతుంది. మామూలుగా మందు కూరే తుపాకీకి ఇస్తారు. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న వేరే తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. అభ్యంతరాలు లేకపోతే 'ఇవ్వాలి' అన్నదే చట్టం మాట. దరఖాస్తు పట్టుకుని బల్లల చుట్టూ తిరిగే తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అయితే లైసెన్సులో పంట రక్షణ అని రాసి ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో పెట్టారు. అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం, నిలిచున్న పంటకు ప్రమాదమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా ట్రిగ్గరు నొక్కితే, పంది మన తోటలో పడ్డా, కేసు మన మీదే.

మాకు ఆ కాగితం ఒక్కసారి వచ్చింది, ఇరవై ఏళ్ల కిందట. వచ్చేసరికి చెరకు సగం గానుగాడేశాం. మిగిలిన సగానికి నాన్న కాపలా వెళ్లారు. వెళ్లే ముందు తుపాకీ శుభ్రం చేసే పని నాకు అప్పగించారు. అక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. పాత సెమీ ఆటోమేటిక్ ఉన్నవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉండొచ్చు, వాళ్లకు పనికొస్తుంది.

ఇది డబుల్ బ్యారెల్ లాంటిది కాదు. పేలినప్పుడు గొట్టం మొత్తం బోల్టుతో కలిసి తూటా పొడవుకు పైగా వెనక్కి వచ్చి, తిరిగి ముందుకెళ్తుంది. ఆ ఊపులో ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. వెనక్కొచ్చే ఊపును పట్టి ఆపేవి ముందు చెక్క లోపల ఉంటాయి. తూటాలు కూరే గొట్టం చుట్టూ ఒక స్ప్రింగు, దానితో ఒక కంచు రింగు, ఒక ఇనుప రింగు. బలమైన తూటాలకు ఆ రింగులు ఒక వరసలో ఉండాలి, తేలిక తూటాలకు మరో వరసలో ఉండాలి. నాన్న ఆ రెండు వరసల బొమ్మ బీరువా తలుపు లోపల బొగ్గుతో గీసి పెట్టారు. ఇప్పటికీ ఉంది.

రింగులు సరిగ్గానే పెట్టాను. కానీ ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టిన చెయ్యి కదా, ఆ గొట్టానికి ఆయిల్ బాగా పట్టించాను. అది తప్పు. కంచు రింగు ఆ గొట్టాన్ని ఒరుసుకుంటూ వెళ్తేనే ఊపు తగ్గుతుంది. ఆయిల్ ఎక్కువైతే పట్టు జారిపోయి గొట్టం దబ్బున వెనక్కి కొడుతుంది. ఆ రాత్రి రెండు ఎల్జీ తూటాలు పేలాయి. పంది దొరకలేదు. ముందు చెక్క నిలువునా చీలింది, నాన్న భుజం వారం రోజులు వాచింది. ఆయిల్ గుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచేస్తే మిగిలే పొర చాలు. వంటనూనె, కొబ్బరినూనె అసలు వద్దు, కొన్నాళ్లకు జిగురవుతాయి.

శుభ్రం చేసే ముందు ఖాళీ ఉందో లేదో చూడటంలోనూ తేడా ఉంది. డబుల్ బ్యారెల్ విరిచి చూస్తే రెండు కన్నాలూ కనబడతాయి. ఇందులో చాంబర్లోని తూటా తీసినా మేగజైనులోంచి ఇంకొకటి వచ్చి కూర్చోవచ్చు. ముందు మేగజైను ఖాళీ చేయాలి, బోల్టు వెనక్కి లాగి చాంబర్లో కంటితో చూడాలి, వేలితో తడమాలి. పిల్లల్ని, కల్లు తాగినవాళ్లని ఆ గదిలోకి రానివ్వకూడదు.

తూటాల సంగతీ అంతే. గొట్టం మీద చాంబరు పొడవు గుర్తు ఉంటుంది. చాలా పాత తుపాకుల్లో చాంబరు 65 మిల్లీమీటర్లే. వాటిలో ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా కూర్చున్నట్టే ఉంటుంది, కానీ పేలేటప్పుడు మూతి విచ్చుకోడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. పాత కాగితం తూటాలు మన చెమ్మకు ఉబ్బి, సెమీ ఆటోమేటిక్‌లో సగంలో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నది కర్రతో పొడిచి తీసే పని పెట్టుకోకండి. స్ప్రింగు పోయినా, చెక్క చీలినా లైసెన్సున్న తుపాకీ మిస్త్రీ దగ్గరికే వెళ్లాలి. వెల్డింగు షాపులో చేయిస్తే తుపాకీతో పాటు లైసెన్సూ పోతుంది.

ఇక డిపాజిట్ గోల. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న. జీడి కోత కాలమంతా అందులోనే పోయింది. ఎన్నికల సంఘం సూచనల్లో ఉన్నది ప్రతి ఒక్కరి ఆయుధమూ లాక్కోమని కాదు. కలెక్టరు, ఎస్పీ ఉండే కమిటీ ఒక్కొక్క లైసెన్సూ పరిశీలించి, బెయిలు మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, అల్లర్లలో ఉన్నవాళ్ల విషయంలో నిర్ణయం తీసుకోవాలని ఉంది. మా దాకా వచ్చేసరికి ఒక్కటే ఫోను: "తెచ్చి ఇచ్చేయండి." నాన్న మీద జీవితంలో సైకిల్ లైటు లేదన్న కేసు కూడా లేదు. తీసుకెళ్లి ఇచ్చాం. జులైలో తిరిగి తెచ్చుకుంటే గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది, బోల్టు మీద ఎర్ర తుప్పు. చూసుకోకుండా తూటా పెట్టి పేల్చి ఉంటే గొట్టం పగిలేది. ఇందులో నా తప్పూ ఉంది. ఆయిల్ పట్టించకుండా, తోలు సంచిలో పెట్టి ఇచ్చాను. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. ఏ స్థితిలో ఇచ్చామో రసీదులో రాయించుకోలేదు. స్థానిక ఎన్నికలకు మళ్లీ అడుగుతారు. అప్పుడు ఆయిల్ పట్టించి, గుడ్డలో చుట్టి, మూతికి గుడ్డ కట్టి, ఫోటో తీసి, నంబరుతో రసీదు తీసుకుని మరీ ఇవ్వండి.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ వేరు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఉంచుకున్నా, బతికుండగానే వారసుడికి మార్చుకోమని అడగొచ్చు. నాన్నకు రెండూ ఉన్నాయి. కానీ ఆ నియమాల షెడ్యూల్లో సెమీ ఆటోమేటిక్‌లను డబుల్ బ్యారెల్ పక్కన పెట్టలేదు, పై వర్గంలో పెట్టారు. ఆ ఫైలు జిల్లాలో తేలేది కాదు. "అప్పగించేసి ఏకంగా సింగిల్ బ్యారెల్‌కు అప్లై చెయ్యి" అంటాడు మా చిన్నాన్న. నాన్న వినరు. నేనింకా తేల్చుకోలేదు. డబుల్ బ్యారెల్, మందు కూరే తుపాకులు ఉన్న పెద్దలు మాత్రం ఆలస్యం చేయొద్దు. లైసెన్సుదారు పోయాక తుపాకీ ఇంట్లోనే ఉండిపోతే అది ఆ రోజు నుంచీ లైసెన్సు లేని ఆయుధమే. కొడుకు అమాయకంగా బీరువాలో ఉంచుకున్నా కేసు కేసే. పుస్తకం మీద యూఐఎన్ నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇదంతా ఎందుకు పడాలి, కరెంటు తీగ పెడితే తెల్లారేసరికి పంది పడుంటుంది కదా అనేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లతో నేను కరాఖండిగానే మాట్లాడతాను. ఆ తీగకు పంది, మనిషి తేడా తెలీదు. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన కూలీ, తెల్లవారుజామున బయటికెళ్లిన ముసలమ్మ, తాడు తెంపుకున్న ఆవు, ఇలాంటి వార్తలు ప్రతి సీజన్లో పేపరు మూలన చూస్తూనే ఉన్నాం. నాటు బాంబు కొరికి దవడ ఊడిన ఆవును నేను కళ్లారా చూశాను. లైసెన్సు తుపాకీ పట్టుకున్న మనిషి కనీసం ఎటు పేలుస్తున్నాడో చూస్తాడు, తర్వాత జవాబు చెప్పుకోవాలని అతనికి తెలుసు. దారి చూపించకుండా ఆ మనిషి చేతులు కట్టేసినంత కాలం తీగలు పెరుగుతూనే ఉంటాయి. ప్రభుత్వానికి మనం చెప్పాల్సిన అసలు మాట ఇదే.

ఇది జరగని పని కూడా కాదు. 2015 డిసెంబరులో బీహారులో, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లో కేంద్రమే కొన్ని ప్రాంతాల్లో అడవి పందిని ఏడాది పాటు హానికర జంతువుగా ప్రకటించింది. పక్కన తెలంగాణలో 2021లో సర్పంచులకు, కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు, పంట పాడుచేసే పందుల విషయంలో అనుమతిచ్చే అధికారం అప్పగించారు. పందుల్ని తుడిచిపెట్టాలని మనం అడగడం లేదు. కొండ వాటిది కూడా. కానీ కొండ దిగి మడిలోకి వచ్చిన మంద గురించి రైతు సోమవారం అర్జీ పెడితే, వారం తిరగకుండా మండలంలోనే రాతపూర్వకంగా అవుననో కాదనో చెప్పాలి. అనుమతిస్తే లైసెన్సున్నవాళ్ల జాబితా ఫారెస్టు వాళ్ల దగ్గరే ఉండాలి, వాళ్ల మనిషి పక్కనుండాలి. ఎన్నికల డిపాజిట్లలో పంట రక్షణ లైసెన్సులను విడిగా పరిశీలించాలి. నష్టపరిహారం, సోలార్ కంచెకు సాయం అనే పాత డిమాండ్లు ఎటూ ఉన్నాయి.

గొలుగొండ మండలం కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్‌లోని తుపాకుల కోసం 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వచ్చాడు. అంతకు కొన్నేళ్ల ముందు వరకూ తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, మనవాడికి కావాలి. 1878 నాటి చట్టం అలా ఉండేది. ఇప్పుడు చట్టం మనదే, అర్జీ పెడితే చాలు. అయితే ఆ అర్జీ ఎక్కడ ఆగిందో చెప్పే మనిషే దొరకడం లేదు.

జిల్లా కమిటీ తరఫున కలెక్టరుకు, డీఎఫ్‌వోకు ఇచ్చే వినతిపత్రం తయారవుతోంది. మీ మండలంలో ఈ సీజన్లో పందులు ఎన్ని సెంట్లు తొక్కాయో సర్వే నంబరుతో, ఫోటోతో యూనిట్ కార్యదర్శికి ఇవ్వండి. లైసెన్సున్నవాళ్లు పుస్తకం జెరాక్సు కూడా జత చేయండి. మా ఇంటి జెరాక్సు ఇచ్చేశాను. నాన్న మాత్రం ఒరిజినల్ ఎక్కడ పెట్టావని రోజూ అడుగుతున్నారు.