ఐఎంజీ 3412 చూసి మురిసిపోకు తమ్మీ

మా చిన్నాయన కొడుకు జమ్మికుంటలో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్. "అన్నా, హుజూరాబాద్‌ల ఒకాయన కెనాన్ 1300డి అమ్ముతుండు. 18-55 లెన్స్‌తోని 16,000. మూడు వేల ఫోటోలే తీసిండట. తీసుకోవాల్నా?"

ఆ 16,000 వాడు పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసి కూడబెట్టినవి. అందుకే "మంచిదే, తీస్కో" అని ఊరికే అనలేకపోయా.

"మూడు వేలే అని ఎట్ల తెలుసు?"

"ఆఖరి ఫోటో నంబర్ ఐఎంజీ 3412 ఉందన్నా."

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కెనాన్‌లో ఫైల్ నంబర్ 9999 దాటితే మళ్లీ 0001కి వస్తుంది. అది 13 వేలు కావచ్చు, 83 వేలూ కావచ్చు. పెళ్లికి రెండు వేల క్లిక్కులు వేసుకున్నా, 50 పెళ్లిళ్లకు లక్ష. నికాన్ డి5300 షట్టర్‌ను కంపెనీ పరీక్షించిందే లక్ష క్లిక్కులకు. నికాన్‌లో అసలు లెక్క ఫోటో ఫైల్‌లోనే దొరుకుతుంది, కానీ వాట్సాప్‌లో ఫోటోలాగా పంపితే ఆ వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫైలే అడగండి. కెనాన్‌కైతే కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. దోస్తు ల్యాప్‌టాప్ పట్టుకపొమ్మన్నా.

నేనేం పెద్ద తెలివైనోణ్ణి కాదు. మొదటి జీతంతో సెకండ్ హ్యాండ్ నికాన్ డి3300 కొన్నా. చవగ్గా వస్తుందని పాత రకం 50 ఎంఎం 'డి' లెన్స్ కూడా తీసుకున్నా. ఇంటికొచ్చాక తెలిసింది, ఫోకస్ మోటార్ ఆ బాడీలో లేదు, ఆ లెన్స్‌లోనూ లేదు. ఆ ఏడు బతుకమ్మంతా చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ తీశా. సగం బ్లర్. మా అక్క ఇప్పటికీ ఆ ఫోటోలు చూపించి నవ్వుతుంది. కెనాన్ ఈఎఫ్ లెన్సులకు మోటార్ లోపలే ఉంటుంది కాబట్టి వాడికి ఆ తిప్పలు లేవు.

ఇంకో రెండు పనులు చెప్పా. లెన్స్ ఊడదీసి ఫోన్ టార్చ్ కొట్టి లోపలికి చూడు, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్. ఎఫ్/16 పెట్టి తెల్లగోడను తీసి జూమ్ చెయ్యి. నల్లచుక్కలుంటే దుమ్ము, అది తుడిపిస్తే పోతుంది. గీత ఉంటే మాత్రం దండం పెట్టి వచ్చెయ్. అన్నట్టు, మార్కెట్ యార్డులో పత్తి ఎగురుతుంటే లెన్స్ మార్చకు!

సాయంత్రం మళ్లీ ఫోన్. లెన్స్‌లో ఫంగస్ ఉందట. కెమెరా 41 వేలు కొట్టిందట.

"ఒట్టి బాడీ ఎంతకిస్తవంటే 10,000 అన్నడన్నా. తొమ్మిదికి అడిగిన."

"ఏమన్నడు?"

"చాయ్ తాగుదాం రా అన్నడు."

శనివారం నేను కోఠి పోవాలి, వాడికో లెన్స్ చూడాలి.