రాత్రి భోజనానికి గడ్డపెరుగా?

విజయవాడ భోజన హోటళ్లంటే నాకు ప్రీతి. వేడి అన్నం, కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి. వీటికి వంక పెట్టలేము. నా అభ్యంతరమంతా చివర వచ్చే గడ్డపెరుగు కప్పుపైనే. మధ్యాహ్నం సరే, రాత్రి తొమ్మిదింటికి కూడ అదే కప్పు! రాత్రివేళ పెరుగు భుజింపరాదని చరక సంహిత సూత్రస్థానంలో స్పష్టంగా ఉన్నది. ఆ గ్రంథమే గ్రహణీ చికిత్సలో మజ్జిగను జఠరాగ్నిని పెంచేదిగా, తేలికగా జీర్ణమయ్యేదిగా ప్రశంసించినది. మందాగ్నితో బాధపడే వృద్ధులను, పసిపిల్లలను వెంటబెట్టుకొని వెళ్లే గృహస్థులకు ఈ భేదం చిన్నది కాదు. అల్లం, కరివేపాకు, సైంధవ లవణం చేర్చిన పలుచని మజ్జిగ అడిగితే, సర్వర్లు "పెరుగే ఉందండీ" అంటారు. పెరుగున్న చోట మజ్జిగకు కరువేమిటో! చిలికే శ్రమకు మరో ఐదు రూపాయలు బిల్లులో వేసినా నేను సంతోషంగా చెల్లిస్తాను.