ఇంటి లెక్కలు: పాత పికప్ బండికి సరైన ధర ఎంత?

పదవీ విరమణ సమయంలో చేతికి వచ్చే సొమ్మును ఏ విధంగా వినియోగించుకోవాలన్న విషయమై ఈ శీర్షికలో ఇదివరకు ముచ్చటించుకున్నాము. అది చదివిన మిత్రులొకరు ఒకనాటి సాయంకాలం మా ఇంటికి వచ్చారు. ముప్పది రెండేండ్లు మన సంస్థలోనే పనిచేసి, నిరుడు విరమించినవారు. రెండవ కుమారుడు డిప్లొమా పూర్తిచేసి మూడేండ్లయినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. డ్రైవింగు వచ్చు. ఒక పాత పికప్ బండి కొనియిస్తే కూరగాయలు, ఇటుకలు, ఇంటి సామాను బాడుగకు తోలుకొని తన కాళ్ళపై తాను నిలబడతాడని ఆ తండ్రి ఆశ. గ్రాచ్యుటీ సొమ్ములో ఐదారు లక్షలు ఇందుకు కేటాయించారు.

"అన్నగారూ, బండి చూశారా?" అని అడిగాము.

"చూశానండీ. రంగు అద్దంలా మెరుస్తోంది. నాలుగు లక్షల ఇరవై వేలట. పదివేలు బయానా కూడా ఇచ్చి వచ్చాను" అన్నారు.

ఆ మాట వినగానే మాకు నీళ్ళలో గేదెను బేరమాడిన సామెత గుర్తుకు వచ్చింది. పూర్వం సంతలో ఎద్దును కొనే రైతు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు, నడిపించి చూసేవాడు, బరువు లాగించి చూసేవాడు. కొమ్ములకు పూసిన రంగుకు ధర కట్టేవాడు కాడు. ఎద్దులో ఇంకా ఎన్ని సేద్యాల బలం మిగిలి ఉన్నదో దానికే ధర కట్టేవాడు. పాత బండికీ ఇదే న్యాయం వర్తిస్తుంది.

మన దేశంలో చిన్న సరుకు బండ్ల విపణి ఈ ఇరవై ఏండ్లలో ఎంతో విస్తరించింది. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత మూడు చక్రాల ఆటోకు, పెద్ద లారీకి నడుమ ఉన్న ఖాళీ నిండింది. జనం దానిని 'చోటా హాథీ' అని ముద్దుగా పిలుచుకున్నారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. మహీంద్రా బొలెరో పికప్ పల్లె బాటలలో కూడా కనిపిస్తుంది. ఇవి విరివిగా ఉన్నందువలన పాతవి కూడా విరివిగా దొరుకుతాయి. కొనేవారికి ఇది అనుకూలమే. ఒకటి నచ్చకపోతే మరొకటి చూడవచ్చును. తొందరపడవలసిన అవసరం లేదు.

మొదట కాగితాల సంగతి చూద్దాము. మిత్రుల చేతిలోని బండి నంబరును కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ వెబ్‌సైటులో నమోదుచేసి చూశాము. రెండు విషయాలు బయటపడినవి. ఎఫ్.సి. గడువు తీరి ఐదు నెలలయినది. బండిపై ఒక ఫైనాన్సు సంస్థ అప్పు ఇంకా నమోదై ఉన్నది. అమ్మజూపిన వ్యక్తి పేరు ఆర్.సి.లోని యజమాని పేరు కానే కాదు. అసలు యజమాని వద్ద ఫారం 29, ఫారం 30లపై ఖాళీగా సంతకాలు తీసుకొని, తన పేరుకు మార్చుకోకుండానే మరొకరికి అమ్మజూపుతున్నాడన్నమాట.

ఇందులోని ప్రమాదాన్ని కొందరు తేలికగా తీసుకుంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, బండి అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజులలోగా, ఇతర రాష్ట్రంలోనైతే 45 రోజులలోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజులలోగా తెలియజేయాలి. అప్పు ఉన్న బండికైతే ఫైనాన్సు సంస్థ సంతకంతో ఫారం 35 సమర్పించి అప్పు నమోదును తొలగింపజేయాలి. పేరు మారకపోతే నష్టం కొన్నవారికే కాదు, అమ్మినవారికి కూడా. చేతులు మారిన ఒక వాహనం ప్రమాదానికి గురైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న తీర్పు చెబుతూ, రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారే యజమాని అనీ, పరిహారం బాధ్యత వారిదే అనీ స్పష్టం చేసింది. కనుక మన సిబ్బందిలో పాత బండిని అమ్మదలచినవారు కూడా, సొమ్ము చేతికి వచ్చినది కదా అని ఊరుకోక, తమ పేరు రికార్డు నుండి తొలగేంత వరకు వెంటబడవలసినదిగా మనవి.

బీమా విషయంలో కొన్నవారు 14 రోజులలోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసుకొని పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. అమ్మినవారికి ఉన్న నో క్లెయిమ్ బోనసు కొన్నవారికి రాదు. ఆ మేరకు ప్రీమియం పెరుగుతుందని ముందుగానే లెక్కలో వేసుకోవాలి.

కాగితాలు చూసిన మరునాటి ఉదయం, పరిచయస్థుడైన ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొని బండి వద్దకు వెళ్ళాము. మేము వచ్చేదాకా ఇంజను వేయవద్దని ముందే చెప్పి ఉంచాము. వేడిగా ఉన్న ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. చల్లని ఇంజను దాచుకోలేదు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తెరిచి చూస్తే పొగ ఉబికి వస్తోంది. పిస్టన్ రింగులు అరిగినవనడానికి అది గుర్తు. సైలెన్సరు నుండి నీలి పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్లు. మీటరు 48,000 కిలోమీటర్లు చూపుతున్నది. ఆరేండ్ల బండి రోజుకు ఇరవై రెండు కిలోమీటర్లే తిరిగిందంటే నమ్మశక్యమా? క్లచ్ పెడలుపై రబ్బరు పూర్తిగా అరిగి ఇనుము కనిపిస్తోంది. టైర్లకు నల్లరంగు పూశారు కాని, వాటి ప్రక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు రంగుకు లొంగవు. మొదటి రెండు అంకెలు ఎన్నవ వారమో, తరువాతి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. ఎద్దు పళ్ళు చూడడమంటే ఇదే.

చివరకు మెకానిక్ బండి క్రిందికి దూరి టార్చి వేశాడు. పికప్ బండి బరువంతా రెండు పొడవాటి ఇనుప దూలాల చాసిస్‌పై ఆధారపడి ఉంటుంది. క్యాబిన్ వెనుక, సరిగ్గా బరువు పడే చోట, ఆ దూలానికి వెల్డింగు అతుకు ఉన్నది. "సార్, ఇది మోయలేని బరువు మోసి విరిగిన బండి. ఇంజను మార్చవచ్చు, నడుము మార్చలేము" అన్నాడు. మిత్రులు పదివేల బయానా వదులుకొని వెనుదిరిగారు. ఆ రాత్రి వారికి నిద్ర పట్టలేదట. నాలుగు లక్షల పదివేలు మిగిలినవని మేము చెప్పినా, పోయిన పదివేలే వారి కళ్ళముందు కదలాడినవి.

ఇక ధర సంగతి. "నేను పది లక్షలు పెట్టి కొన్నాను, సగానికి ఇస్తున్నాను" అని అమ్మేవారు అంటారు. వారు ఏనాడో పెట్టిన ధర మనకు ప్రమాణం కాదు. అదే బండి కొత్తది ఈనాడు ఎంతకు దొరుకుతున్నదో అదే ప్రమాణం. 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు రవాణా వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 10,00,000 రూపాయలున్న బండి, తగ్గింపు పూర్తిగా అందితే 9,21,875 రూపాయలకు వస్తుంది. కొత్తదాని ధర దాదాపు 78 వేలు దిగినప్పుడు పాతదాని ధర కూడా దిగవలసినదే కదా.

బేరానికి ఒక కొలబద్ద బీమా రంగంలో ఉన్నది. నష్టపరిహారానికి బండి విలువ కట్టేటప్పుడు, ప్రస్తుత కొత్త ధర నుండి మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాది వరకు 15, రెండేండ్ల వరకు 20, మూడేండ్ల వరకు 30, నాలుగేండ్ల వరకు 40, ఐదేండ్ల వరకు 50 శాతం తరుగు తీసివేస్తారు. ఐదేండ్లు దాటితే ఇరుపక్షాలు మాట్లాడుకొని నిర్ణయించుకోవాలి. ఇది విపణి ధర కాదు. అయినా మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుపుతుంది.

అసలైన కొలబద్ద మాత్రం బండి సంపాదనే. కొన్నాళ్ళకు మిత్రులు మరొక బండి చూశారు. రంగు వెలసినది, ఒక తలుపు సొట్టబోయినది. కాని ఒకే యజమాని, కాగితాలు సక్రమం, చాసిస్ నిక్షేపంగా ఉన్నది. అడిగినది 5,00,000. మేమిద్దరం కాగితంపై ఈ విధంగా లెక్క వేశాము. వెంటనే చేయించవలసినవి: టైర్లకు 30,000, బ్యాటరీకి 7,000, క్లచ్, బ్రేకులకు 18,000, బీమా, పన్ను, ఎఫ్.సి.లకు 35,000. మొత్తం 90,000. అంటే బండి ధర ఐదు లక్షలు కాదు, 5,90,000.

రాబడి వైపు చూస్తే, నెలకు 20 రోజులు, రోజుకు 2,500 చొప్పున 50,000. ఇందులో డీజిలు 20,000, మరమ్మతులు, టైర్ల నిధి 6,000, బీమా, పన్నులకు 3,000, డ్రైవరు జీతం 15,000 పోగా మిగిలేది 6,000. కన్నకొడుకే తోలుతున్నాడు కదా, జీతమెందుకని మిత్రులు అడిగారు. ఆ జీతం వేయకపోతే లెక్క మనలను మోసగిస్తుంది. ఆ కుర్రవాడు బయట పనిచేస్తే వచ్చే సొమ్ము అది. ఐదేండ్లలో మిగులు 3,60,000. తరువాత బండిని 2,50,000కు అమ్ముకున్నామనుకుంటే మొత్తం 6,10,000. పెట్టినది 5,90,000. ఐదేండ్ల శ్రమకు ఇరవై వేలు!

ఈ కాగితాన్నే మిత్రులు అమ్మేవారి ముందు ఉంచారు. మరమ్మతుల జాబితా కళ్ళెదుట ఉన్నందువలన వాదులాట లేకుండానే 4,40,000 వద్ద బేరం కుదిరింది. ఇతరుల లెక్క వేరుగా ఉండవచ్చును. బాడుగ దొరికే రోజులు పదిహేనుకు తగ్గితే మొత్తం లెక్క తలక్రిందులవుతుంది. కనుక బండి చూడడానికి ముందే బాడుగ ఇచ్చే కొట్లు, మార్కెట్టు యార్డు, ఇటుక బట్టీలవారితో మాట్లాడి రావడం మంచిది.

మరికొన్ని విషయాలు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు, ఆర్.సి.లో ఆ అంకె చూసుకోవాలి. లైట్ మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎనిమిదేండ్లు నిండేవరకు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేటా ఎఫ్.సి. చేయించాలి. కనుక ఏడున్నరేండ్ల బండికి, ఐదేండ్ల బండికి నడుమ తేడా ధరలో కనిపించాలి. 2020 ఏప్రిల్ 1 తరువాతి డీజిలు బండ్లు బి.ఎస్.-6 ప్రమాణంవి. పొగను శుద్ధిచేసే వాటి పరికరాలు చెడితే ఖర్చు ఎక్కువ. డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలిగి ఉంటే జాగ్రత్త పడాలి.

మన సంస్థల వాహనాలను ఎం.ఎస్.టి.సి. ఈ-వేలంలో కొనవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. అక్కడ అమ్మకం 'ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోటనే' అన్న షరతుపై జరుగుతుంది. ముందుగా వెళ్ళి చూసుకోవడం మన పూచీ. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదు. అవి తుక్కుగా మారవలసినవే. వాటిని రోడ్డుపై తిప్పే ఆశతో కొనరాదు.

మిత్రుల బండి తిరగడం మొదలై పది నెలలయినది. మొన్న బజారులో కనిపించి లెక్కల పుస్తకం చూపించారు. మేము వేసిన అంచనాకు మిగులు కొంచెం తక్కువగానే ఉన్నది. వర్షాలలో రెండు నెలలు బాడుగలు దొరకలేదట.

"బ్యాంకులో వేసుకుంటే ఇంతకంటె ఎక్కువే వచ్చేదండీ, కాదనను. కాని వాడు తెల్లవారుజామున నాలుగింటికి తనంతట తాను లేస్తున్నాడు. నెల జీతం నేను చేతికిస్తే సంతకం పెట్టి తీసుకుంటున్నాడు" అన్నారు. ఆ పుస్తకంలో ప్రతి నెలా 15,000 ఎదుట కుర్రవాడి సంతకం మేమూ చూశాము.

పాత బండి కొన్న, అమ్మిన అనుభవం ఉన్న సోదర ఉద్యోగులు తమ లెక్కలను ఈ శీర్షికకు వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాము. లాభపడినవారి లెక్కలతో పాటు నష్టపోయినవారివి కూడా. అవి పదిమందికీ ఇంకా ఎక్కువగా ఉపయోగపడతాయి.