పీకిన పళ్ళ లెక్క కాదు, నిలిచిన పళ్ళ లెక్క కావాలి



కొంతకాలం క్రిందట ధర్మవరం నుండి మగ్గం పని చేసే ఒక తల్లి మా పళ్ళ విభాగానికి వచ్చారు. బాధంతా ఎడమ వైపు కింది దవడ పన్ను ఒక్కదానితోనే. మొదట ధర్మవరంలో సిమెంటు పెట్టించుకున్నారు. అది ఊడిపోతే పెనుకొండలో, ఆ తరువాత హిందూపురంలో మళ్ళీ పెట్టించుకున్నారు. మా దగ్గరకు వచ్చేసరికి చీము పట్టి, పన్ను పీకక తప్పలేదు. "మూడు ఊర్లు తిరిగినా సిస్టరమ్మా, పన్ను మాత్రం నిలబడల్యా" అన్నారు.

ఆ ముగ్గురు డాక్టర్లలో ఎవరినీ మేము తప్పుపట్టడం లేదు. తాము పెట్టిన సిమెంటు ఊడిపోయిందని వారికి తెలిసే దారి లేదు. మేము మాత్రం ఏం చేశాము? నెలాఖరున ఎందరు వచ్చారు, ఎన్ని పళ్ళు పీకాము, ఎన్ని నింపాము అని కూడి సంతకం పెట్టాము. ఆ తల్లి పోగొట్టుకున్న పన్ను మా పుస్తకంలో చేసిన సేవగా లెక్కకు వచ్చింది. ఈ లెక్క మారాలని మా అభిప్రాయం.

మన దేశంలో దంత వైద్య మండలి 2002-03లో నోటి ఆరోగ్యంపై, నీటిలోని ఫ్లోరైడుపై పెద్ద సర్వే చేసింది. సర్వే ఒక రోజు తీసిన ఫోటో వంటిది. మనకు కావలసినది చికిత్స తరువాత ఏమైందో చెప్పే నాణ్యతా రిజిస్టరు. స్వీడన్ దేశంలో పుచ్చుపళ్ళకు, చిగుళ్ళ జబ్బుకు 2008లో 'స్కాపా' అనే అటువంటి రిజిస్టరు మొదలైంది. అక్కడ దంత వైద్యశాలల కంప్యూటర్ల నుండే వివరాలు చేరుతాయి. మనం కాగితంతోనే మొదలుపెట్టవచ్చు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. రోగులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు కాబట్టి మూడు ఊళ్ళకూ ఒకే నమూనా ఉండాలి.

అందులో గడులు కొద్దిగానే ఉండాలి. వయస్సు, ఊరు, షుగరు, బి.పి., గుండె జబ్బు, రక్తం పలుచబరిచే మాత్రలు. పొగాకు, గుట్కా అలవాటు. ఏ పన్ను, ఏం చేశాము. పన్నును 'దవడ పన్ను' అని రాస్తే చాలదు, రెండంకెల సంఖ్య వేయాలి. ఆ తల్లి పన్ను 36. మూడు చోట్లా 36 అని రాసి ఉంటే మూడుసార్లు చెడినది ఒకే పన్ను అని వెంటనే తెలిసేది.

నీటి గడి మన ప్రాంతానికి ముఖ్యం. ఫ్లోరైడు వలన పళ్ళకు గార పట్టడం మనకు కొత్త కాదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటరాదు. కానీ ఆ గార చిన్నతనంలో, పన్ను లోపల తయారయ్యే కాలంలోనే పడుతుంది. కాబట్టి కోడలిగా వచ్చిన స్త్రీని ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నావమ్మా అని అడిగితే సరిపోదు. ఎనిమిదేళ్ళు వచ్చేవరకు పుట్టింటి దగ్గర ఏ నీళ్ళు తాగావని అడిగి రాయాలి. లేకపోతే ఒక ఊరి నీటి దోషం మరో ఊరి మీద పడుతుంది.

అన్నిటికన్నా విలువైనది చివరి గడి: ఆరు నెలలకు, సంవత్సరానికి ఆ పన్ను నోటిలో ఉన్నదా, నొప్పి ఉన్నదా? రోగి రాకపోతే 'రాలేదు' అని రాయాలి. ఖాళీ వదిలితే బాగున్నట్లు లెక్కలోకి పోతుంది. అలాగే ఒకరు పుచ్చు అన్నది మరొకరు మచ్చ అనవచ్చు. నెలకొకసారి ఇద్దరు ఒకే పదిమందిని విడివిడిగా చూసి, రాసినవి పోల్చుకోవాలి.

"ఉన్న పనికే తీరిక లేదు, ఇంకో పుస్తకమా?" అని మా నర్సులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కొత్తది పెట్టేముందు ఎవరూ చదవని పాత పుస్తకం ఒకటి తీసివేయాలి. తమ పేరు చెడుతుందని డాక్టర్లు భయపడవచ్చు. లెక్కను శిక్షకు వాడితే ఎవరూ నిజం రాయరు. కనుక అది నేర్చుకోవడానికే అని ముందే మాట ఇవ్వాలి. రోగి పేరు, ఫోను నంబరు ఆసుపత్రిలోనే ఉండాలి. ఉమ్మడి రిజిస్టరుకు సంఖ్య మాత్రమే వెళ్ళాలి. రోగికి అర్థమయ్యేలా చెప్పి, అనుమతి తీసుకోవాలి.

నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిన ఉపమానం మనందరికీ తెలుసు. వెదకడానికి వెళ్ళిన కాపరి ప్రేమను గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాము. అయితే ఒకటి తప్పిపోయిందని ఆయనకు ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి. మన దగ్గర చికిత్స పొంది తిరిగి రాని రోగి ఎవరో ఈ రోజు మనకు తెలియదు. తెలియని వారిని వెదకలేము. వచ్చే నెల నుండి మా విభాగంలో ఒక్క పేజీతో మొదలుపెడుతున్నాము. మిగిలిన రెండు ఊళ్ళలోని సోదర ఆసుపత్రులు, క్లినిక్కులు కూడా చేతులు కలపాలని కోరుచున్నాము.