ఫలితం తేలే వరకు

2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ ప్రబలినప్పుడు అనేక గృహాలలో ఒక పొరపాటు గమనించాను. బిడ్డకు జ్వరం, దగ్గు. పరీక్షకు నమూనా ఇచ్చి వచ్చారు. “ఇంకా తేలలేదు కదా” అని ఆ రాత్రి బిడ్డను నాయనమ్మ పక్కనే పడుకోబెట్టేవారు. తేలకపోవడమంటే లేకపోవడం కాదు. కోవిడ్ నేటికీ పూర్తిగా తొలగిపోలేదు గనుక ఈ మాట మరల చెప్పవలసివస్తున్నది.

స్పర్శ, నిశ్వాసం, సహభోజనం, ఒకే శయ్య, వస్త్రాల ద్వారా కొన్ని వ్యాధులు సంక్రమిస్తాయని సుశ్రుత సంహిత నిదానస్థానం ఏనాడో చెప్పింది. వాటిలో జ్వరమూ ఉన్నది.

బిడ్డను ఒంటరిగా గదిలో ఉంచి తలుపు మూయమనడం నా అభిప్రాయం కాదు. ఆరోగ్యంగా ఉన్న తల్లో తండ్రో ఒక్కరే మాస్కు ధరించి కనిపెట్టుకొని ఉండాలి. కిటికీలు తెరచి ఉంచాలి. కంచం, గ్లాసు, తువాలు వేరుచేయాలి. వృద్ధులు గుమ్మం వెలుపలి నుండే పలకరించాలి.

శొంఠి, తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది. అంతమాత్రాన ఈ ఎడం తొలగించరాదు. ఆయాసం, మగత, నీరు త్రాగలేకపోవడం కనిపిస్తే ఫలితం కోసం వేచి ఉండక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

వ్యాధి లేదని తేలితే పోయేది రెండు రోజుల ముద్దుముచ్చట్లే. ఉన్నదని తేలితే ఆ ఎడమే నాయనమ్మకు రక్ష.