ఆపరేషన్ రోజున బీపీ బిళ్ల మానేయాలా?

రేపు పొద్దున బైపాస్ ఆపరేషన్. అర్ధరాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు అని నర్సమ్మ చెప్పి వెళ్లింది. పెద్దాయన ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాడు... రోజూ లేవగానే వేసుకునే బీపీ బిళ్లతో సహా మానేశాడు. దాని పేరేమిటని అడిగితే 'తెల్లగా, గుండ్రంగా ఉంటుంది' అంటాడు. షీటులోంచి నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే పేరు సగం షాపులోనే ఉండిపోతుంది మరి! అనంతపురం పల్లెల్లో ఇలాంటి పెద్దాయనలు ఊరికి నలుగురైనా ఉంటారు.

వానలకు కరవైన ఈ సీమలో గుండె ఆపరేషన్‌కు దారి ఎప్పుడో పడింది. పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నవంబరు 22న మొదలైంది. అక్కడ రోగి దగ్గర పైసా తీసుకోరు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొట్టమొదట అమలుచేసిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. డబ్బు భయం అలా కొంత తగ్గింది. బిళ్లల దగ్గర తికమక మాత్రం అలాగే ఉంది.

బీపీ మందులన్నీ ఒకటి కాదు. చిక్కంతా అక్కడే. అటెనొలాల్, మెటొప్రొలాల్... ఇలా పేరు చివర 'లాల్' అని వచ్చేవి గుండె వేగాన్ని అదుపులో పెడతాయి. వీటికి అలవాటుపడిన గుండెకు మందు ఒక్కసారిగా ఆపేస్తే ముకుతాడు తెగిన కోడె పరుగే! ఇరుకైన రక్తనాళాలతో ఉన్న గుండె ఆ పరుగుకు తట్టుకోలేదు. ఛాతీనొప్పి రావచ్చు, ఒక్కోసారి గుండెపోటే రావచ్చు.

ఈ సంగతి డాక్టర్లకూ మొదట్లో తెలియదు. ఈ రకం మందుల్లో తొలితరానికి చెందిన ప్రొప్రనొలాల్‌ను కనుగొన్న జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అయినా 1970ల మొదట్లో దాన్ని ఆపరేషన్‌కు రెండు వారాల ముందే ఆపేయాలన్న వాదన ఉండేది. మందు ప్రభావంతో ఆపరేషన్ బల్లమీద గుండె నీరసిస్తుందేమోనని భయం. తీరా ఆపినవాళ్లలో కొందరికి నొప్పి తిరగబెట్టడం, గుండెపోట్లు రావడం చూశాక ఆ పద్ధతి మారింది. ఇప్పుడు వీటిని సాధారణంగా ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేయిస్తారు. 'ఏమీ తాగొద్దు' అన్నదానికి ఆ గుక్క మినహాయింపు. అయితే నాడి మరీ నెమ్మదిగా ఉంటే, బీపీ పడిపోయి ఉంటే డాక్టరు వద్దనొచ్చు.

ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్‌ల కథ ఇందుకు తలకిందులు. ఇవి రక్తనాళాలను సడలిస్తాయి. మత్తుమందు చేసేదీ అదే. రెండూ కలిస్తే బీపీ ఎంతకీ లేవనంతగా పడిపోవచ్చు. అందుకే చాలా ఆసుపత్రుల్లో ఒకరోజు ముందే వీటిని ఆపిస్తారు. ఆపాల్సిందేనా అన్నదానిపై డాక్టర్లలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఆమ్లోడిపిన్‌ను ఎక్కువగా కొనసాగిస్తారు. మూత్రం ఎక్కువగా పోయించే బిళ్లల్ని ఆ పొద్దుటికి ఆపడం మామూలే. వాటివల్ల ఒంట్లో నీరు, పొటాషియం తగ్గుతాయి.

ఇంకో మెలిక ఉంది. టెల్మిసార్టన్, మెటొప్రొలాల్ కలిపిన బిళ్లలూ షాపుల్లో దొరుకుతాయి. అందులో సగం ఆపాల్సింది, సగం ఆపకూడనిది! దాన్ని విడదీసి ఇవ్వడం డాక్టరు పని. ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు.

ఇష్టమొచ్చినట్టు మందులు మానేసి బీపీ విపరీతంగా పెరిగితే ఆపరేషన్ వాయిదా పడొచ్చు. పక్కన ఇద్దరు తోడొచ్చి, రెండు వారాల కూలీ పోగొట్టుకున్న కుటుంబానికి ఆ వాయిదా చిన్న దెబ్బ కాదు.

అందుకని ఆసుపత్రిలో చేరేటప్పుడే ఇంట్లో వాడుతున్న బిళ్లలన్నీ, ఖాళీ షీట్లతో సహా, సంచిలో వేసుకెళ్లాలి. షాపులో పేరున్న వైపు కత్తిరించి ఇమ్మని అడగాలి. మత్తు డాక్టరు వచ్చినప్పుడు ఒక్కో బిళ్లా చూపించి, ఏది ఎప్పటిదాకా వేసుకోవాలో కాగితం మీద రాయించుకోవాలి. రక్తం పలచబడే మందులుంటే అవీ చూపించాలి. వాటిని ఆపే లెక్క వేరు. డిశ్చార్జి రోజున ఇంకో ప్రశ్న మరవకూడదు: ఆపిన బిళ్లను మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి? చీటీలో అది లేకపోతే, బస్సెక్కకముందే అడగాలి.